ఏం పనికి?

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ దగ్గర పట్టుకున్నాడు. ఇంటికి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుంటాడట. "అన్నా, ఇంటెల్‌కి పోనా, ఏఎమ్‌డీకి పోనా?" అని అడిగాడు. ఫోన్లో అప్పటికే ఒక ఎక్సెల్ షీట్ తయారుగా ఉంది. కోర్లు, క్లాక్ స్పీడు, కాష్, వాటేజీ, ధర. గడులకు రంగులు కూడా వేశాడు. ఆ రంగులు చూడగానే నాకు నవ్వొచ్చింది, కొంచెం దిగులు కూడా వేసింది.

"ఏం పనికి?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అన్నిటికీ" అన్నాడు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. 2009లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటు లేని ఒక కొట్లో, కౌంటర్ వెనక కూర్చున్నాయన నన్ను అడిగాడు. "ఏం పనికన్నా? గేమ్సా, వీడియో ఎడిటింగా?" నేనూ "అన్నిటికీ" అనే చెప్పాను. అది అబద్ధం. నాకు అప్పుడు ఉన్నది ఒకే ఒక్క పని. దాని సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

*

మా పెద్దమామ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కర్నూలు పాత ఊళ్ళో, కింద నాలుగు గదులున్న సొంత ఇల్లు. ముందు గదిలో గోడ పొడుగునా చెక్క అల్మరాలు. వాటి నిండా బైండు చేసిన పాత పత్రికలు. ఎక్కువ భాగం 'భారతి' సంచికలు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన ఆ పత్రిక 1991లో ఆగిపోయింది. మామ దగ్గర మొత్తం లేదు. ఆయన కొన్నవీ, పాత పుస్తకాల బండ్ల మీద దొరికినవీ, చనిపోయిన స్నేహితుల ఇళ్ళ నుంచి తెచ్చుకున్నవీ కలిసి ముప్పై ఎనిమిది వాల్యూములు. మైదా జిగురు కాచి, దారంతో కుట్టి, ఆయనే బైండు చేసేవాడు.

వేసవి సెలవుల్లో నేను ఆ గదిలోనే పడుకునేవాణ్ణి. ఆ వయసులో నాకు 'భారతి' వ్యాసాలు ఏమర్థమవుతాయి? నేను చదివింది వ్యాసాలు కాదు, వాటి పక్కన మార్జిన్లలో మామ పెన్సిల్‌తో రాసినవి. ఒక సమీక్ష పక్కన: "ఈయన పుస్తకం చదవలేదు, ముందుమాట చదివినాడు." ఒక కవిత కింద: "రెండో చరణంతో ఆపి ఉంటే బాగుండు." ఒక కథ చివర: "ఇది మా వీధిలో జరిగింది. ఇంతకంటే బాగా జరిగింది." ఎక్కడో ఒక పొడుగాటి పండిత చర్చ పక్కన "అన్నం తినివచ్చి మళ్ళీ చదవవలె" అని ఉంటే, కింద ఇంకో రోజు రాసినట్టున్న అక్షరాల్లో "చదివినాను. ఆకలి తప్పు కాదు" అని ఉంది.

నేను ఇంజనీరింగ్ చదివాను. విమర్శ అనేది ఎక్కడా నేర్చుకోలేదు. ఈ పదేళ్ళుగా పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ పెన్సిల్ రాతలే బడి. ఒక పుస్తకాన్ని ఎదురు ప్రశ్నించవచ్చని, అందుకు పండితుడై ఉండనక్కర్లేదని, పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూ కూడా ఆ పని చేయొచ్చని నాకు తెలిసింది అక్కడే.

2008 డిసెంబర్లో మామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, అల్మరాకు చెదలు పట్టినాయి. మీ అత్త పాత పేపరోనికి ఏస్తానంటాంది. నువ్వు కంప్యూటర్లోకి ఎక్కిస్తానంటివి గదా ఎప్పుడో. వచ్చి ఎక్కించుకో."

"సంక్రాంతికి వస్తా మామా" అన్నాను.

*

నా దగ్గర అప్పుడున్నది పెంటియం 4. బీటెక్‌లో ఉండగా, 2004లో, నాన్న చీటీ పాడి కొనిచ్చింది. ఆ తరం ప్రాసెసర్ల గురించి తెలిసినవాళ్ళకి తెలుసు, అదొక కుంపటి. క్లాక్ స్పీడు పెంచుకుంటూ పోతే చాలనుకున్న రోజుల చివరి సరుకు. ఇంటెల్ 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళి, 4 గిగాహెర్ట్జ్ చిప్ తెస్తామని చెప్పి, వేడి తట్టుకోలేక 2004లోనే ఆ ఆలోచన మానుకుంది. ఇక ఒకే బుర్రను పరిగెత్తించే బదులు, ఒకే చిప్పులో రెండు, నాలుగు బుర్రలు పెట్టడం మొదలైంది. అలా వచ్చినవే డ్యూయల్ కోర్లూ, క్వాడ్ కోర్లూ.

సంక్రాంతి ముందు ఒక ఆదివారం, స్కాన్ చేసిన పేజీలను శుభ్రం చేసే చిన్న స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. వంకరగా ఉన్న పేజీని నిటారుగా తిప్పాలి. అచ్చు ఉన్నంత మేరా కత్తిరించాలి. పసుపుపచ్చ కాగితాన్ని తెల్లగా, అక్షరాన్ని నల్లగా చేయాలి. మరకలు తుడవాలి. చివరికి పీడీఎఫ్‌గా కట్టాలి. పెంటియం 4 మీద పేజీకి దగ్గర దగ్గర నిమిషం పట్టింది. కాల్‌క్యులేటర్ తీశాను. ముప్పై ఎనిమిది వాల్యూములు, ఒక్కోటి సుమారు వెయ్యి పేజీలు, 38 వేల నిమిషాలు. అంటే ఇరవై ఆరు రోజులు రాత్రీ పగలూ ఆ కుంపటి వెలుగుతూ ఉండాలి.

అదే క్వాడ్ కోర్ అయితే? ఏ పేజీకా పేజీ విడి. నాలుగు పేజీలు నాలుగు కోర్లకు పంచేయొచ్చు. కోర్లు కూడా వేగవంతమైనవి కాబట్టి పేజీకి పన్నెండు సెకన్లకు మించదు. మొత్తం ఐదు రోజుల పని. ఇంత స్పష్టమైన లెక్క నా జీవితంలో అంతకుముందు చేయలేదు. ముందు కంప్యూటర్ కొనాలి, తర్వాత కర్నూలు వెళ్ళాలి.

సంక్రాంతికి నేను కర్నూలు వెళ్ళలేదు.

*

ఇక్కడ ఆ రెండు ప్రాసెసర్ల గురించి కొంత చెప్పాలి. ఎందుకంటే నేను వాటితో నిజంగానే ప్రేమలో పడ్డాను. ఆ ప్రేమను ఇప్పుడు వెటకారం చేస్తే అబద్ధమవుతుంది.

ఒకవైపు ఇంటెల్ కోర్ 2 క్వాడ్. 2007 జనవరిలో వచ్చిన క్యూ6600తో ఆ పేరు ఊరూరా తెలిసింది. మొదట 851 డాలర్లు పెట్టిన ధరను అదే ఏడాది జూలైలో 266కి దించేశారు. నేను చూస్తున్నది దాని తర్వాతి తరం, క్యూ9400. 2.66 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ కాష్. కానీ లోపల చూస్తే అది నాలుగు కోర్ల చిప్పు కాదు. రెండు కోర్ల చిప్పులు రెండింటిని పక్కపక్కన ఒకే ప్యాకేజీలో పెట్టారు. ఒక చిప్పులోని కోర్‌కి రెండో చిప్పులోని కోర్‌తో పని పడితే ఆ మాట బయట ఉన్న ఫ్రంట్ సైడ్ బస్ మీదుగా వెళ్ళిరావాలి. మెమరీతో మాట్లాడాలన్నా అదే దారి.

రెండోవైపు ఏఎమ్‌డీ ఫినమ్. నాలుగు కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద పుట్టాయి. అందరికీ కలిపి ఒక ఎల్3 కాష్. మెమరీ కంట్రోలర్ చిప్పులోనే ఉంది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, ఇంటెల్‌ది పక్కపక్క ఇళ్ళలో రెండు వేరు కాపురాలు, పలకరించుకోవాలంటే వీధిలోకి రావాలి. ఏఎమ్‌డీది నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం, వంటిల్లు ఒకటే. మాదే అసలైన క్వాడ్ కోర్, వాళ్ళది అతుకు అని ఏఎమ్‌డీ గట్టిగా ప్రచారం చేసుకుంది.

కానీ ఉమ్మడి కుటుంబం మొదట్లోనే పరువు పోగొట్టుకుంది. 2007 నవంబర్లో వచ్చిన మొదటి ఫినమ్‌లో టీఎల్‌బీ అనే చోట ఒక దోషం బయటపడింది. అరుదుగానే అయినా కంప్యూటర్ ఆగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని బయోస్‌లో సరిచేస్తే వేగం తగ్గుతుంది. 2008 మార్చిలో దోషం లేని చిప్పులు వచ్చేసరికి అతుకుల చిప్పే ముందుకెళ్ళిపోయింది. సిద్ధాంతం ఏఎమ్‌డీ దగ్గర, ఫలితం ఇంటెల్ దగ్గర.

అలాంటప్పుడు, 2009 జనవరి 8న, ఫినమ్ 2 వచ్చింది. ఎక్స్4 940: 3 గిగాహెర్ట్జ్, 45 నానోమీటర్లు, ఎల్3 కాష్ 2 ఎంబీ నుంచి 6 ఎంబీ. ఆ తేదీ గుర్తుండటానికి ఇంకో కారణం ఉంది. ముందు రోజే సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడూ ఆ వారం తన కంపెనీ బాలెన్స్ షీటు గురించి భయపడుతున్నాడు. నేనూ భయపడ్డాను. మా దగ్గర ప్రాజెక్టులు ఆగి, సగం మంది బెంచ్ మీదున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేయడానికేమీ లేదు. నేను ప్రాసెసర్ రివ్యూలు చదివాను.

చదివానంటే మామూలుగా కాదు. సినీబెంచ్‌లో ఎవరికెంత, వీడియో ఎన్‌కోడింగ్‌లో ఎవరికెంత, ఫైళ్ళు జిప్ చేస్తే ఎవరికెంత, ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు. క్లాక్‌కి క్లాక్ పోలిస్తే ఇంటెల్ ఒక పిసరు ముందు. ధర దగ్గర ధర పెట్టి, బోర్డు కూడా కలిపితే ఏఎమ్‌డీ సమానం, కొన్నిచోట్ల ముందు. ఇంటెల్ 775 సాకెట్ పని అయిపోవచ్చింది, ఆ బోర్డు కొంటే ముందుకు దారి లేదు. ఏఎమ్‌డీ సాకెట్లో రేపు రాబోయే చిప్పులు కూడా పడతాయి. రివ్యూ రాసేవాళ్ళు ఎంత నిజాయితీగా రాసేవారో! ఏ పరీక్ష పెట్టారు, ఏ మెమరీతో పెట్టారు, ఎన్నిసార్లు పెట్టారు, అన్నీ చెప్పి ఆ తర్వాతే తీర్పు. మన పుస్తక సమీక్షలు ఇలా ఎందుకుండవు అని ఆ రోజుల్లో నా రూమ్మేట్‌తో వాదించాను కూడా. వాడు దుప్పటి కప్పుకుంటూ "నువ్వు ముందు కొనురా సామీ" అన్నాడు.

నా మొగ్గు ఏఎమ్‌డీ వైపని వేరే చెప్పక్కర్లేదు. ఇంటెల్ 1968లో, ఏఎమ్‌డీ 1969లో పుట్టాయి. ఏడాదే తేడా అయినా ఏఎమ్‌డీది ఎప్పుడూ తమ్ముడి బతుకే. ఒకప్పుడు ఇంటెల్ డిజైన్లనే లైసెన్సు మీద తయారుచేసింది. తర్వాత 64 బిట్ల దారి తానే వేస్తే, ఇంటెల్ ఆ దారిలోకి వచ్చి నడిచింది. చిన్న పత్రికలను ప్రేమించేవాడికి ఇలాంటి కంపెనీని ప్రేమించకుండా ఉండటం కష్టం. దానికి తోడు, అతుకు లేనిదే అసలైనదని నాకొక నమ్మకం. కవిత్వంలోనూ అదే నమ్మకం ఉండేది నాకు అప్పట్లో.

*

ఫిబ్రవరిలో ఫినమ్ 2కి ఏఎమ్3 సాకెట్ రకాలు వచ్చాయి. అవి కొత్త డీడీఆర్3 మెమరీ బోర్డుల్లోనూ, పాత డీడీఆర్2 బోర్డుల్లోనూ పడతాయి. అయితే 940 కొంటే తప్పు చేసినట్టేగా, దాని ఏఎమ్3 అన్న వచ్చేదాకా ఆగుదాం అనుకున్నాను. మధ్యలో కోర్ ఐ7 920 మీద మనసు పోయింది. అందులో ఇంటెల్ కూడా నాలుగు కోర్లూ ఒకే ముక్క మీద పెట్టి, మెమరీ కంట్రోలర్‌ని లోపలికి తెచ్చింది. కానీ దాని బోర్డు ధర చూసి వెనక్కొచ్చాను. ఏప్రిల్లో ఫినమ్ 2 ఎక్స్4 955 వచ్చింది, 3.2 గిగాహెర్ట్జ్. వచ్చిన కొత్తలో ధర ఎక్కువ, కాస్త దిగనిద్దాం. ఐ5 అని ఇంకోటి రాబోతోందట, చూద్దాం.

రెండు వారాలకోసారి మామ ఫోన్.

"అల్లుడూ, కొంటివా?"

"లేదు మామా, ఇంకోటి వస్తోందంట."

"వచ్చేది ఎప్పుడూ వస్తానే ఉంటాది గదరా."

ఒకసారి అడిగాడు, దేనికీ దేనికీ మధ్య తేల్చుకోలేకపోతున్నావని. నేను ఉత్సాహంగా ఉమ్మడి కుటుంబం, వేరు కాపురాల కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "ఏదైనా పేజీ చదువుతాది గదా?" అన్నాడు.

"చదువుతుంది మామా."

"సరే అయితే."

ఆ "సరే అయితే" మార్జిన్లో రాయాల్సిన మాట. నాకు అప్పుడు వినపడలేదు.

జూన్ రెండో శనివారం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. ఎక్సెల్ షీటు ప్రింటు తీసుకుని మరీ వెళ్ళాను. కౌంటర్ వెనకాయన దాన్ని తిప్పి చూసి, "మస్తు మెహనత్ చేసినవన్నా" అన్నాడు. ఆ తర్వాతే "ఏం పనికి?" అన్నది. అన్నిటికీ అని చెప్పాక, "అన్నిటికైతే ఏదైనా ఒకటే. ఏది స్టాక్ల ఉందో అదిస్త" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. స్టాకులో రెండూ ఉన్నాయి. నేను 955 తీసుకున్నాను, పన్నెండు వేలు, డీడీఆర్2 బోర్డుతో. బైక్ మీద రెండు కాళ్ళ మధ్య డబ్బాలు పెట్టుకుని ఎస్సార్ నగర్ దాకా వచ్చాను. ఆ రాత్రి నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం పనిచేస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్లో నాలుగు గీతలు పైకి లేచి నిలబడ్డాయి. ఎంతో సంతోషం వేసింది. ఆ సంతోషం అబద్ధం కాదు.

*

తర్వాతి శుక్రవారం రాత్రి బస్సెక్కాను. డెస్క్‌టాప్ మోసుకెళ్ళలేం కదా. కాబట్టి ఫ్లాట్‌బెడ్ స్కానర్, రూమ్మేట్ లాప్‌టాప్, వాడిదే ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్కు. అక్కడ స్కాన్ చేసి డిస్కులో వేసుకొస్తే, ఇక్కడ కొత్త మెషీన్ శుభ్రం చేస్తుంది.

మామ స్కానర్‌ని, లాప్‌టాప్‌ని చూశాడు. "ఇదేనా నువ్వు కొన్నది?"

"కాదు మామా, అది హైదరాబాదులో ఉంది. ఇది ఫ్రెండుది."

"మరి ఈడ పనికి ఇది చాలునా?"

"చాలు."

కాసేపాగి అడిగాడు. "ఇది సంక్రాంతప్పుడు లేకుండెనా?"

ఆ మాటలో దెప్పు లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. ఉంది. లాప్‌టాప్ ఉంది, స్కానర్ ఉంది, బస్సు ఉంది. నేను కేబుల్ సర్దుతున్నట్టు కిందికి వంగాను.

రెండు రోజులు కూర్చున్నాం. మామ పేజీ తిప్పి గాజు మీద బోర్లించి వేళ్ళతో నొక్కి పట్టుకుంటాడు. నేను బటన్ నొక్కుతాను. దీపం ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా వస్తుంది. తిప్పడానికీ, సర్దడానికీ, స్కాన్ కావడానికీ కలిపి పేజీకి నలభై సెకన్లు. ఈ నలభైని ఏ కోర్ కూడా తగ్గించలేదు. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి ఆమ్‌డాల్ సూత్రం అని పేరు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పాడు: ఒక పనిలో పంచడానికి వీల్లేని భాగం ఎంతుందో, ఎన్ని ప్రాసెసర్లు తెచ్చిపెట్టినా నీ వేగానికి హద్దు అదే. బీటెక్‌లో దీని మీద ఐదు మార్కుల ప్రశ్న రాశాను నేను.

ఆదివారం సాయంత్రానికి 412 పేజీలయ్యాయి. అంటే ఒక్క వాల్యూములో సగం కూడా కాదు. నేను మొదటి అల్మరా, మొదటి వరస, మొదటి వాల్యూము, మొదటి పేజీ నుంచి వరసగా వెళ్ళాను. మామ మధ్యలో ఒకటి రెండుసార్లు, "ఆ 62లో ఒక వ్యాసం ఉండాది, అది తీసుకో" అన్నాడు. "వరసలో వస్తుంది మామా" అన్నాను.

హైదరాబాద్ వచ్చి స్క్రిప్టు నడిపాను. ఎనభై నిమిషాల్లో అయిపోయింది. అదే పెంటియం 4 అయితే ఏడు గంటలు పట్టేది. ఏడు గంటలు అంటే ఎంత? పడుకునేముందు మొదలుపెడితే లేచేసరికి అయిపోయేంత. ఐదు నెలలు ఆగి నేను ఆదా చేసింది, నేను నిద్రపోయే సమయం.

*

రెండో విడత సెప్టెంబర్ మొదటి వారం అనుకున్నాను. 2న రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కనిపించకుండా పోయింది. మర్నాడు నల్లమలలో దొరికింది. ఆ వారం ఎక్కడి బస్సులు అక్కడే. సరే, అక్టోబర్ 2 గాంధీ జయంతి శుక్రవారం వచ్చింది, మూడు రోజులు కలిసొస్తాయి. ఒకటో తారీఖు రాత్రికి టికెట్ తీసుకున్నాను. ఈలోగా ఐ5 750 వచ్చింది, నేను కొన్నదాని కంటే చాలా పరీక్షల్లో బాగుందని రివ్యూలు. వారం రోజులు బాధపడ్డాను. దాని గురించే.

ఒకటో తారీఖు బస్సు వెళ్ళలేదు. పైనుంచి వరద. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మీద పడ్డాయి. రెండో తారీఖు టీవీలో చూశాం, కొండారెడ్డి బురుజు ఊళ్ళో, నీళ్ళు ఇళ్ళ మొదటి అంతస్తుల దాకా. మామ ఫోన్ కలవలేదు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఎవరి ఫోన్ నుంచో అత్త మాట్లాడింది. పక్కింటివాళ్ళ డాబా మీద ఉన్నామని, అందరం బాగున్నామని.

పది రోజుల తర్వాత వెళ్ళాను. వీధంతా బురద, ప్రతి ఇంటి ముందూ పరుపులు, ట్రంకు పెట్టెలు, తడిసిన బియ్యం వాసన. మామ ఇంట్లో గోడ మీద నీటి గీత నా తలకంటే పైనుంది. అల్మరాల దగ్గరికి వెళ్ళాను. నీళ్ళలో నానిన కాగితం ఉబ్బుతుందని తెలుసు కానీ ఇంతగా అని తెలియదు. వాల్యూములన్నీ ఉబ్బి అరల్లో ఒకదాన్నొకటి బిగించి పట్టుకున్నాయి. లాగితే రావడం లేదు. చివరికి గడ్డపారతో చెక్క పగలగొట్టి తీశారు. ఇటుకల్లా వచ్చాయి. మైదా జిగురు కరిగి పేజీలన్నీ ఒకే ముద్దయిపోయాయి. ఒకటి విడదీద్దామని చూశాను. అచ్చు అక్షరాలు ఒక పేజీవి ఇంకో పేజీకి అంటుకుని వస్తున్నాయి.

మామ వాటి వైపు పెద్దగా చూడలేదు. ఆయన వెతుకుతున్నది పింఛను పుస్తకం, రేషన్ కార్డు. అవి దొరికాక వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఎన్ని పేజీలు ఎత్తుకపోతివిరా?"

"నాలుగు వందల పన్నెండు మామా."

"అయితే అన్ని ఉన్నట్టే గదా" అన్నాడు.

*

ఉన్నాయా?

హైదరాబాద్ రాగానే ఆ పీడీఎఫ్ తెరిచాను. జూన్లో నడిపిన తర్వాత నిజానికి నేను దాన్ని పూర్తిగా చూడలేదు. మొదటి నాలుగు పేజీలు చూసి, ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయి మూసేశాను. ఇప్పుడు ఒక్కో పేజీ చూస్తూ వెళ్ళాను. అక్షరం నల్లగా, కాగితం తెల్లగా, మరక లేదు, వంకర లేదు. యాభై పేజీలు దాటాక వెన్నులో చలి మొదలైంది. మామ రాతలు ఎక్కడా లేవు.

అచ్చు ఉన్నంత మేరా కత్తిరించమని చెప్పాను కదా, మార్జిన్లు పోయాయి. లేత రంగంతా తెల్లగా చేయమన్నాను కదా, పెన్సిల్ గీతలు పోయాయి. మరకలు తుడవమన్నాను కదా, వరసల మధ్య చుక్కలూ టిక్కులూ పోయాయి. నేను రాసిన స్క్రిప్టే. నేను కొన్న నాలుగు కోర్లే. పేజీకి పన్నెండు సెకన్ల చొప్పున, ఒక్క తప్పు లేకుండా, మామను తుడిచేశాయి.

అసలు స్కాన్లు రూమ్మేట్ హార్డ్‌డిస్కులో ఉండాలి. వాడు అప్పటికి ఉద్యోగం మారి పుణే వెళ్ళాడు. ఫోన్ చేశాను. "నీ ఫోల్డరేదో పది జీబీ ఉంది, సినిమాలకు చోటు లేక తీసేద్దామనుకున్నా, బద్ధకమేసి తీయలే" అన్నాడు. ఎవరి బద్ధకానికైనా నేను అంతగా రుణపడింది ఆ ఒక్కసారే.

412 పేజీల్లో మామ రాతలున్నవి ముప్పై ఏడు. ఏడాది పొడుగునా ఒక పత్రికలో ఆయనకి అనిపించినవి అన్నీ రాసేవాడు కాదు కదా. మొత్తం వాల్యూముల్లో రాతలున్న పేజీలు నాలుగైదు వేలు ఉండేవేమో అని తర్వాత ఆయనే అన్నాడు. ఆ జనవరికీ జూన్‌కీ మధ్య ఇరవై రెండు శనాదివారాలు. అందులో సగం వెళ్ళినా, వెళ్ళినప్పుడల్లా నాలుగొందల పేజీలు చేసినా, నాలుగు వేల నాలుగు వందలు. వరసలో కాకుండా, ఆయన తీసుకోమన్నవి తీసుకుని ఉంటే. ఈ లెక్కకు ఎక్సెల్ అక్కర్లేదు.

తర్వాత కొన్నేళ్ళకు 'భారతి' పాత సంచికలు ఇంటర్నెట్లో దొరికాయి. ఎవరో శ్రమపడి స్కాన్ చేసి పెట్టారు, వాళ్ళకు దండం. "ముందుమాట చదివినాడు" అని మామ రాసిన సమీక్ష కూడా అందులో దొరికింది. అచ్చంతా ఉంది. పక్కన మార్జిన్ తెల్లగా ఉంది.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. 2017లో ఏఎమ్‌డీ సర్వర్ల కోసం ఎపిక్ అనే ప్రాసెసర్ తెచ్చింది. నాలుగు చిప్పులు పక్కపక్కన పెట్టి, కలిపి చేసింది. అప్పుడు ఇంటెల్ తన ప్రెజెంటేషన్లో, ఇది డెస్క్‌టాప్ చిప్పులను జిగురుతో అతికించినది అని వెక్కిరించింది. పదేళ్ళలో ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. నేను ఐదు నెలలు తలబద్దలు కొట్టుకున్న 'అసలైన క్వాడ్ కోర్' ప్రశ్న అలా నవ్వులపాలైంది. నా 955 బోర్డులో ఆ తర్వాత ఇంకే ప్రాసెసరూ పెట్టలేదు. ముందుకు దారి ఉందని కొన్న ఆ సాకెట్లోకి ఇంకోటి రాలేదు.

మామకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. వరద తర్వాత పుస్తకాలు మళ్ళీ కొన్ని చేరాయి కానీ మార్జిన్లలో ఏమీ రాయడం లేదు. ఎందుకు మామా అంటే, "కండ్లద్దాలు మార్చల్ల. మార్చినాక రాస్తాలే" అంటాడు. మూడేళ్ళుగా అదే మాట. ఆ ముప్పై ఏడు పేజీలను మాత్రం నేను ఏ స్క్రిప్టుకీ ఇవ్వలేదు. పసుపుపచ్చగా, వంకరగా, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పేజీ కదలకుండా నొక్కి పట్టుకున్నందుకు కొన్నిటి అంచున ఆయన బొటనవేలు కూడా పడింది.

మా టీమ్ కుర్రాడికి ఏది కొనమన్నానో చెప్పలేదు కదూ. ఏదైనా కొనమన్నాను, ఈ శనివారమే కొనమన్నాను. వాడు నన్ను చూసిన చూపులో, ఈయనకి హార్డ్‌వేర్ గురించి పెద్దగా తెలియదన్నమాట అని ఉంది. కర్నూలు బస్సుకి టికెట్ బుక్ చేసుకుంటూ ఉన్నాను కాబట్టి నేనేమీ అనలేదు. అక్కడ కళ్ళజోళ్ళ షాపు ఆదివారం తీసి ఉంటుందట, అత్త కనుక్కుని చెప్పింది.